రెండోసారి వెళ్లేవాళ్లు

ఎవరికైనా జబ్బు చేసిందంటే మొదటి రెండు రోజులు ఇంటినిండా జనమే. బి.కొత్తకోటలోనైనా, పుంగనూరులోనైనా, కుప్పంలోనైనా అంతే. అరటిపళ్లు వస్తాయి, బ్రెడ్డు వస్తుంది, హార్లిక్స్ సీసా వస్తుంది. సంఘం నుంచి అయ్యగారు, నలుగురు విశ్వాసులు వచ్చి ఒక పాట పాడి, ప్రార్థన చేసి వెళ్తారు. రెండో వారానికి ఆ వాకిట్లో ఒక్క జత చెప్పులు కూడా కనబడవు. యేసును వెంబడించడమంటే ఏమిటని సండేస్కూల్ పిల్లలు అడిగితే నేను చెప్పేది ఒకటే: ఆ రెండో వారంలో వెళ్లడం.

లూకా సువార్త పదో అధ్యాయంలోని మంచి సమరయుడి కథ చర్చికి వెళ్లనివాళ్లకూ తెలుసు. దెబ్బలు తిని దారిలో పడివున్న మనిషికి గాయాలు కట్టి, నూనె, ద్రాక్షారసం పోసి, తన వాహనం మీద ఎక్కించుకుని సత్రానికి చేర్చాడు. ప్రసంగాలు చాలావరకు అక్కడితో ముగుస్తాయి. నాకు మాత్రం కథలో గట్టి మాట ఆ తర్వాతే ఉంది. మర్నాడు సత్రం యజమాని చేతిలో రెండు దేనారాలు పెట్టి, ఇంకా ఏమైనా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. దేనారం అంటే ఆ కాలంలో కూలివాడి ఒక రోజు కూలి. రెండు రోజుల కూలి ఇచ్చి చేతులు దులుపుకుని ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. మళ్లీ వస్తానని మాటిచ్చాడు. యేసు తనను ప్రశ్నించిన ధర్మశాస్త్రోపదేశకుడితో 'నువ్వూ పోయి అలాగే చెయ్యి' అన్నది ఆ మాటను కూడా కలుపుకునే అని నా నమ్మకం.

ఈ మాట మా ప్రాంతంలో పుస్తకానికే పరిమితం కాలేదు. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. దక్షిణ భారతంలోని ప్రొటెస్టెంట్ మిషన్లు కొన్ని కలిసి క్షయ రోగుల కోసం కట్టిన శానటోరియం అది. 1915 నుంచి అక్కడ వైద్యం జరుగుతోంది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి సూపరింటెండెంట్. అంతకుముందే అమెరికా నుంచి వచ్చిన ఆర్కాటు మిషన్ వాళ్లు మదనపల్లెలో స్థిరపడ్డారు. వారిలో జేకబ్ చాంబర్లెయిన్ వైద్యుడు, తెలుగు పండితుడు. నలభై ఏళ్లకు పైగా ఈ నేల మీద పనిచేసి 1908లో మదనపల్లెలోనే కన్నుమూశారు. ఆ మిషన్ తరఫునే 1911లో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వచ్చింది. ఇవన్నీ మా పెద్దలు గర్వంగా చెప్పుకునే సంగతులే. నన్ను ఆగి ఆలోచించేలా చేసేది మాత్రం శానటోరియంలోని రోజువారీ పని.

స్ట్రెప్టోమైసిన్ రాకముందు క్షయకు మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, మంచం మీద విశ్రాంతి, అంతే. కొందరికి ఊపిరితిత్తిని అణచి దానికీ విశ్రాంతి ఇవ్వడానికి సూదితో ఛాతీలోకి గాలి ఎక్కించేవారు. ఆ గాలి కొద్ది రోజులకే ఇంకిపోతుంది, మళ్లీ ఎక్కించాలి. అలా వారం, పది రోజులకొకసారి, నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి. ఒక రోగికి ఒక నర్సు అన్నిసార్లు ఎదురుపడిందంటే ఆ ఓర్పు ఎంతటిదో ఊహించండి. దగ్గితే పక్కనున్నవాళ్లు లేచిపోయే జబ్బు అది. సొంత ఇంట్లోనే కంచం, చెంబు వేరు చేసేవారు. అలాంటి మనిషి దగ్గరికి రోజూ అదే వేళకు వెళ్లడం కంటే పెద్ద ప్రసంగం నాకు తెలియదు. ఆ సంస్థలో పనిచేసిన డాక్టర్ పి.వి. బెంజమిన్ తర్వాత భారత ప్రభుత్వానికి క్షయ నివారణ సలహాదారు అయ్యారు. 1950లలో శానటోరియం వాళ్లే మదనపల్లె చుట్టుపక్కల పల్లెలకు తిరిగి, ఊరి జనాన్ని పరీక్షించి, ఎక్స్‌రేలు తీసి, వాళ్ల దగ్గరికే మళ్లీ మళ్లీ వెళ్లి చేసిన అధ్యయనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పత్రికలో అచ్చు వేసింది.

అదే దశాబ్దంలో మద్రాసులో ఇంకొక సంగతి తేలింది. మందులు సరిగా వాడితే క్షయ రోగికి ఇంటి దగ్గర వైద్యం చేసినా శానటోరియంలో చేసినంత గుణం కనిపిస్తుందని అక్కడి కీమోథెరపీ సెంటర్ రుజువు చేసింది. రోగి మంచం ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది. దానితో పాటు నర్సు పని కూడా ఇరుగుపొరుగు మీద పడింది. ఈ రెండో సంగతి మనం ఇంకా సరిగా గుర్తించలేదని నాకనిపిస్తుంది.

మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది. భర్త పోయాడు, పిల్లలు బెంగళూరులో ఉన్నారు. చదువు రాదు. మా వీధిలో ఒక కుర్రవాడికి టీబీ అని తేలినప్పుడు ఆమె వెంట నేనూ కొన్నిసార్లు వెళ్లాను. ఇంట్లోకి దూరదు. 'బయటికి రా నాయనా, గాలికి కూర్చుందాం' అని చింతచెట్టు కింద మంచం వాల్పిస్తుంది. బైబిలు సంచిలోనే ఉంటుంది. మొదట అడిగేది 'పొద్దున సంగటి తిన్నావా?' అని. సువార్తలో యాయీరు అనే ఆయన కూతుర్ని బతికించాక యేసు ఆ పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమన్నాడు కదా, ఆమెకు ఆ ముక్క బాగా పట్టింది. తర్వాత మాత్రల అట్ట చేతిలోకి తీసుకుంటుంది. లెక్క రాయడం రాదు కాబట్టి బొటనవేలితో ఒక్కొక్క ఖాళీ గుంట తడుముకుంటూ పోతుంది. ఎక్కడైనా వేలికి మాత్ర తగిలితే ఆగి వాడి ముఖంలోకి చూస్తుంది. తిట్టదు. 'ఇదేమప్పా, ఇది మిగిల్నాది?' అంటుంది.

ఆ మాత్రలు మొదలుపెట్టాక మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. రిఫాంపిసిన్ అనే మందు వల్ల అలా జరుగుతుంది, ప్రమాదం లేదు. ముందుగా ఎవరూ చెప్పకపోతే రక్తం పోతోందని భయపడి మానేసేవాళ్లుంటారు. ఇంకో గండం రెండో నెలలో. దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, మనిషి తేరుకుంటాడు. ఇక జబ్బు పోయిందిలే అని మందులు ఆపేస్తారు. మామూలు క్షయకు కోర్సు ఆరు నెలలు. మధ్యలో మానేస్తే మందులకు లొంగని క్షయగా ముదిరే ప్రమాదం ఉంది. పెద్దమ్మకు ఈ రెండూ తెలుసు. ఆరోగ్య కార్యకర్తను అడిగి తెలుసుకుంది. ప్రార్థన ఆమె చివర్లో చేస్తుంది, చాలా చిన్నది, రోగి పేరు పెట్టి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కొన్ని స్వస్థత కూటాల్లో, ప్రార్థన అయ్యాక మందులు అక్కర్లేదని, మందు వేసుకోవడం అవిశ్వాసమని చెప్పేవాళ్లున్నారు. అది తప్పు. ప్రాణాల మీదికి తెచ్చే తప్పు. దేవుడు స్వస్థపరుస్తాడని నేనూ నమ్ముతాను. ఆ నమ్మకంతోనే ఆరోగ్యవరం కట్టినవాళ్లు ప్రార్థనతో పాటు ఎక్స్‌రే యంత్రం కూడా పెట్టుకున్నారు. స్టేజీ మీద చెయ్యి తల మీద పెట్టిన బోధకుడు నాలుగో నెలలో ఆ ఇంటికి వెళ్లి మాత్రల అట్ట చూస్తాడా? చూడనివాడికి మందు ఆపమనే హక్కు ఎక్కడిది?

యేసును వెంబడించడం రోగుల దగ్గరే ఉందని కాదు. టమాటా మండీలో తూకం సరిగా వెయ్యడంలో ఉంది, కోర్టుకెక్కిన తోడబుట్టినవాడి ఇంటికి క్రిస్మస్ రోజున వెళ్లడంలో ఉంది. ఇంటింటా బియ్యం ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టే ఆడవాళ్ల డబ్బాలో ఉంది. ఆ పిడికెడు బియ్యం కానుకలో కూడా నాకు నచ్చేది అదే, అది ప్రతి పూటా తియ్యాలి. ఒక్కరోజు బస్తా ఇచ్చి ఫొటో దిగడం దానికి సాటి రాదు.

మన సంఘాలకు నా విన్నపం. 2022 నుంచి 'ని-క్షయ మిత్ర' పేరుతో ప్రభుత్వ పథకం ఒకటి ఉంది. వ్యక్తులు, సంస్థలు, చర్చిలు ఎవరైనా ఒక క్షయ రోగికి నెలనెలా పోషకాహారం ఇస్తామని ముందుకు రావచ్చు. ప్రభుత్వం వైపు నుంచి మందులు ఉచితం, చికిత్స నడిచినంత కాలం తిండి కోసం నెలకు వెయ్యి రూపాయలు రోగి ఖాతాలో పడతాయి. అయినా కందిపప్పు, వేరుశనగ, గుడ్లు ఇంటికి తెచ్చి పెట్టే మనిషి కావాలి. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎవరిని కలవాలో కనుక్కోండి. రోగి ఇష్టపడితేనే వెళ్లండి, పేరు బయట పెట్టకండి, వాట్సాప్‌లో ఫొటోలు పెట్టకండి. ఏ కులమని, ఏ మతమని అడగకండి. ఒప్పుకునేముందు మాత్రం ఒకటి ఆలోచించుకోండి: ఆరు నెలలు వెళ్లగలరా?