ధైర్య సాక్ష్యం ఎవరిది?

ఉత్తరాంధ్రలో క్రైస్తవ సాహిత్యం అనగానే ముందు పురుషోత్తమ చౌదరి పేరు వస్తుంది. రావాలి కూడా. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకొని, ఊరూరా తిరిగి సువార్త ప్రకటించి 1890లో కన్నుమూశాడు. ఆయన కీర్తనలు పాడని తెలుగు చర్చి లేదు. ‘కులాచార పరీక్ష’ అని పుస్తకమూ రాశాడు. ఆయన ధైర్యాన్ని మేం తక్కువ చెయ్యటం లేదు. మా పేచీ అల్లా ఆ ధైర్యాన్ని మన పల్పిట్లూ, సాక్ష్యాల పుస్తకాలూ చెప్పుకొస్తున్న పద్ధతితోనే.

ఆ పద్ధతిలో విశ్వాసం కోసం నిలబడటం అంటే ఒకటే కథ: ఉన్నవాడు వదులుకోవటం. జంధ్యం వదిలాడు, ఆస్తి వదిలాడు, కులం వెలేసింది. ఈ కథలో వీరుడు కావాలంటే వదులుకోటానికి ముందు ఏదో ఒకటి ఉండాలి. మరి మాలపేట నుంచో, రెల్లివీధి నుంచో వచ్చినవాడి దగ్గర ఏముంది? పుట్టకముందే వెలేసినవాణ్ణి కొత్తగా ఎవరు వెలేస్తారు? అందుకే అతని సంగతి లెక్కల్లోకి పోతుంది. చౌదరిగారు ‘విశ్వసించారు’, పేటవాళ్ళు ‘చేరారు’. బియ్యం కోసం చేరారని ఊళ్ళోవాళ్ళు దెప్పితే చర్చి పెద్దలు కూడా తలొంచుకుంటారు.

తలొంచుకోనక్కర్లేదని చెప్పటానికి ఒంగోలు చరిత్ర చాలు. యర్రగుంట్ల పేరయ్య మాదిగ, తోలుపని చేసినవాడు. 1866లో బాప్తిస్మం తీసుకొని పల్లెపల్లెకీ కాలినడకన వెళ్ళి తనవాళ్ళకి చెప్పాడు. అక్కడి మాదిగ విశ్వాసులు మూడు కట్టుబాట్లు పెట్టుకున్నారు. ఆదివారం పనిచెయ్యం, చచ్చిన గొడ్డు మాంసం తినం, విగ్రహాలకి మొక్కం. పైకి ఇవి మతనియమాల్లా కనిపిస్తాయి. కానీ ఆదివారం పనిచెయ్యం అంటే, మా ఒళ్ళు వారమంతా నీ సొత్తు కాదని రైతుతో చెప్పటం. విగ్రహాలకి మొక్కం అంటే జాతరలో డప్పు కొట్టే వెట్టిని కాదనటం. చచ్చిన గొడ్డు తినం అంటే ఊరు తమకి వదిలిపెట్టిన కూటిని తోసిపుచ్చటం. రైతులకి కోపం వచ్చింది అందుకే, యేసుప్రభువు పేరు విని కాదు. 1876–78 కరువులో సాయం నడిచినన్నాళ్ళూ మిషనరీ జాన్ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తరవాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. బియ్యం మాట ఎత్తేవాళ్ళు ఈ సంగతి ఎందుకు ఎత్తరు?

మన జిల్లాల్లో అంత వెల్లువ రాలేదు. లండన్ మిషన్ 1805లోనే విశాఖపట్నం చేరింది. 1875 తరవాత కెనడా బాప్టిస్టులు భీమునిపట్నం, బొబ్బిలి, శ్రీకాకుళం కేంద్రాలుగా పనిచేశారు. అయినా సంఘాలు నెమ్మదిగానే పెరిగాయి. వేలమందితో కలిసి నిలబడటం వేరు, జమీందారీ ఊళ్ళో అయిదారు ఇళ్ళవాళ్ళు నిలబడటం వేరు. ఆ ఇళ్ళవాళ్ళ సాక్ష్యం ఏ పుస్తకంలో ఉంది?

ఇది పాత సంగతి కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాన్ని హిందువులకి పరిమితం చేసింది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ కలిపారు. క్రైస్తవుణ్ణీ ముస్లిమునీ బయటే ఉంచారు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సి కింద 1 శాతం రిజర్వేషనుకి వస్తారు. సీతంపేట కొండమీద సవర విశ్వాసి బాప్తిస్మం తీసుకున్నా ఎస్టీగానే ఉంటాడు, ఎస్టీ హోదాకి మతంతో ముడి లేదు. కొండ దిగితే మాల విశ్వాసికి ఆ న్యాయం లేదు. దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. 2025 ఏప్రిల్ 30న హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవాడు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని వాడుకోలేడని తీర్పు చెప్పింది. ఆ కేసులో ఫిర్యాదిదారు పాస్టరే. కులంపేరుతో తిట్టేవాడు మాత్రం నువ్వు ఏ గుడికెళ్తున్నావని అడిగి తిట్టడు.

అందుకే ఆదివారం ఒక పేరు, ఎమ్మార్వో ఆఫీసులో ఇంకో పేరు. “ఏటి మతం?” అని గుమస్తా అడిగితే ఓ తండ్రి బిడ్డ సీటు తలుచుకొని ‘హిందూ’ అని రాయిస్తాడు. వచ్చే ఆదివారం పాస్టరుగారు పేతురు బొంకిన కథ చెప్తారు, ఆ తండ్రి తల దించుకుంటాడు. ఈ ప్రసంగం మాకు అన్యాయంగా తోస్తోంది. బొంకించేది చట్టమైతే సిగ్గుపడాల్సింది కూలివాడా? సంఘంలోనే మాల బల్ల వేరు, మాదిగ బల్ల వేరుగా సాగినచోట, పెళ్ళిసంబంధాల దగ్గర కులం అడిగేచోట, ధైర్యం పాఠం బీదవాడి సర్టిఫికేట్‌తోనే ఎందుకు మొదలవ్వాలి?

ధైర్యం వద్దని మేం అనటం లేదు. ఒంగోలు మాదిగల్లాంటి ధైర్యం కావాలంటున్నాం. వాళ్ళు ఒక్కొక్కరుగా కాదు, పల్లెగా నిలబడ్డారు. వాళ్ళ విశ్వాసం ఊరి కట్టుబాటునే ఎదిరించింది. ఇప్పుడు ఎదిరించాల్సింది 1950 ఉత్తర్వుని. ఆ పని బిషప్పులూ, బాప్టిస్టు సంఘాల పెద్దలూ, మిషన్ ఆస్తుల మీద కూర్చున్న కమిటీలూ ముందు నిలబడి చెయ్యాలి. సీటు పోతే ఫీజు కట్టే సంఘం, కేసు పడితే వకీల్ని పెట్టే సంఘం ఉన్ననాడు ఆ తండ్రిని ‘క్రైస్తవ’ అని రాయించమని అడగొచ్చు. అది ఏర్పాటు చెయ్యకుండా అడిగితే, వాడి బిడ్డ చదువుని మన పేరున కానుక వెయ్యటమే అవుతుంది.