అటకెక్కిన టీకా

2015 జూలైలో ప్లాట్కిన్, మహమూద్, ఫరార్ అను శాస్త్రజ్ఞులు ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఒక వ్యాసము ప్రకటించిరి. టీకాల అభివృద్ధికై 200 కోట్ల డాలర్లతో ప్రపంచనిధి నెలకొల్పవలెనని వారి ప్రతిపాదన.

దీనికి ఎబోలాయే ప్రబలమైన నిదర్శనము. ఈ వ్యాధి ఆఫ్రికాలో 1976లో బయటపడినది. కెనడాలో రూపొందిన టీకా కోతులను పూర్తిగా కాపాడినదని 2005లోనే తేలినది. కాని రోగము ఎప్పుడు వచ్చునో తెలియదు. వచ్చినచోట ప్రజలు పేదలు. లాభము కానరాని ఆ పనికి కంపెనీలు పూనుకొనలేదు. టీకా అటకెక్కినది. 2014లో పశ్చిమాఫ్రికాలో వ్యాధి విజృంభించిన పిదపగాని మనుష్యులపై పరీక్షలు ఆరంభము కాలేదు. 2016 నాటికి 11,300 మందికి పైగా మరణించిరి. 2015లో గినీదేశమున రోగులతో మెలగినవారికి ఆ టీకానే వెంటనే వేసిరి. పదిదినములు గడచిన పిమ్మట వారిలో ఒక్కరికిని వ్యాధి కనిపించలేదు.

కనుక నిధి ఆవశ్యకమన్న వాదము నిర్వివాదము. 2017లో ‘సెపి’ అను అంతర్జాతీయ సంస్థ ఇట్టి లక్ష్యముతోనే ఏర్పడినది. స్థాపకులలో భారత ప్రభుత్వమును కలదు.

అయితే వ్యాసకర్తల దృష్టి ప్రధానముగా టీకాను సిద్ధము చేయుటపైననే నిలిచినది. సిద్ధమైన టీకా ఎవరికి ముందు చేరవలెనన్నది వేరొక సమస్య. కోవిడ్ టీకాలు ఏడాదిలోపుననే తయారైనవి. సంపన్న దేశములు వానిని ముందుగనే కొనివేయుటచే, 2021 చివరకు ఆఫ్రికాలో నూటికి పదిమందికైనను పూర్తి మోతాదులు అందలేదు. పరిశోధనకు ధనమిచ్చునప్పుడే పంపిణీ షరతులను కూడ వ్రాసికొనవలెను. ఆ వ్యాసమున ఈ విషయమునకు మరింత చోటు ఉండవలసినది.