ప్రకార్యవాదము: పదవిమర్శము

ఆంగ్లమున ‘ఫంక్షన్’ అను నొక్క మాటకు మన పాఠ్యగ్రంథములు పలు తెలుగు మాటలను వాడుచున్నవి. గణితమున నది ప్రమేయము; శరీరధర్మశాస్త్రమున, ఆ పేరే చెప్పునట్లు, ధర్మము; సమాజశాస్త్రమున ప్రకార్యము. శాస్త్రభేదమును బట్టి పదభేదము కలుగుట దోషము కాదు. కాని యొక వస్తువు దేనితో నైనదని కాక, సముదాయమున నది యేమి చేయుచున్నదని విచారించు మతమునకు ‘ప్రయోజనవాద’ మని పేరిడుట సహింపరానిది.

గౌతముని షోడశపదార్థములలో ప్రయోజనము నాల్గవది. (ప్రమేయ మందు రెండవది. దానిని గణితజ్ఞు లెట్లు కైకొనిరో యది వేఱొక విచారము.) ప్రయోజన మన్నచో దానిని కోరి ప్రవర్తించు చేతనుడొక డుండి తీరవలెను. ఫ్రెంచి పండితుడు దుర్ఖైమ్ 1895లో వెలువరించిన సమాజశాస్త్రపద్ధతి గ్రంథమున ‘ఫంక్షన్’ పదమును గ్రహించి, ఉద్దేశము, లక్ష్యము అను నర్థముగల మాటలను బుద్ధిపూర్వకముగా విడిచెను. సాంఘికవిషయములు తమ ఫలముల కొఱకే పుట్టుట లేదని యాతని వాదము. ఆతడు విడిచినదానినే తెచ్చి మనము పేరుగా పెట్టుట యెట్లు?

ఈ భేదమును విద్యార్థికి బోధింప హైదరాబాదునకు దక్షిణమున శంషాబాదు త్రోవలో నున్న ఆరాంఘర్ చాలును. పదార్థమును బట్టి యది విశ్రాంతిగృహము. పేరే ప్రయోజనమును చెప్పుచున్నది. నేడా కూడలిలో విశ్రమించువా డెవడు? మెహదీపట్నమునుండి వచ్చు పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో అచ్చటికి చేరినది. జూపార్కువైపు పోవు ఫ్లైఓవరు 2025లో తెరవబడినది. 2008లో విమానాశ్రయము శంషాబాదున వెలసినది మొదలు అటు పోవువా రనేకు లీ చోటు దాటుచున్నారు. పేరు చెప్పునది విశ్రాంతి. నగరమున నా చోటు చేయుచున్న పని బాటలను కలిపి జనమును సాగనంపుట. ప్రయోజనమును మాత్రమే వెదకువాడు పేరుకడనే నిలిచిపోవును.

మఱి యే పదము తగును? వైయాకరణులు ధాత్వర్థమును ఫలము, వ్యాపారము అని విభజించిరి. వంటయందు బియ్యము మెత్తబడుట ఫలము. ఎసరు పెట్టుట మొదలు దించుట వఱకు గల క్రియాసంతతి వ్యాపారము. అందు మండు కట్టెకును వ్యాపారము కలదు, ఉద్దేశము లేదు. మనకు కావలసిన యర్థ మిదియే. కాని ‘వ్యాపారవాద’ మన్నచో తెలుగువానికి అంగడియే స్ఫురించును, ఏమి చేయుదుము!

‘ప్రకార్య’మును నిర్దుష్టము కాదు. కార్య మనగా చేయదగిన దనియు నర్థము కలదు గాన విధి యించుక తొంగిచూచును. ఉపసర్గ యేదో భేదమున్నదని సూచించును గాని యా భేద మెట్టిదో చెప్పదు. అయినను కారణమువలన కలుగునది కార్య మను రెండవ యర్థము ప్రసిద్ధము. అది చేతను నపేక్షింపదు. కావున దానినే గ్రహింతును. పాఠమున నీ పదము మొదట వచ్చినపుడు పండితులు పొయ్యిలోని కట్టెను చూపి యర్థము చెప్పుదురుగాక.