పింగాణీకి గాయం మానుతుందా?

తడిసిన ఇనుపపెనం తుప్పుపడుతుంది. అల్యూమినియం గిన్నె పట్టదు. గీత పడినచోట ఆమ్లజని తగిలి పలుచని ఆక్సైడు పొర వెంటనే మళ్ళీ కట్టుకొనడమే కారణం. తిరుచానూరులో ఏ వంటింట్లోనైనా కనిపించే సంగతి ఇది. ‘తమను తామే నయం చేసుకొనే’ సిరామిక్ మిశ్రమాలని ఇప్పుడు ఘనంగా చెప్పుకొనే పదార్థాలలో జరిగేదీ ఇంచుమించు ఇదే.

పేరు మాత్రం విద్యార్థిని తప్పుదారి పట్టిస్తుంది. చర్మం మీది గాయానికి రక్తం సామగ్రి తెచ్చి ఇస్తుంది. సిలికాన్ కార్బైడుకు తెచ్చి ఇచ్చేవారు లేరు. అది తన ఒంటినే కొంత కాల్చుకొని సిలికాగా మారుతుంది. అప్పుడు ఘనపరిమాణం సుమారు రెట్టింపై సన్నని పగులు పూడుతుంది. సన్నని పగులు మాత్రమే! కొలంబియా నౌక రెక్క అంచున కర్బన మిశ్రమంపై సిలికాన్ కార్బైడు పూత, పగుళ్ళు మూసే గాజు పదార్థం రెండూ ఉండేవి. 2003 జనవరి 16న ఎగిరేటప్పుడు నురుగుముక్క తగిలి అక్కడ రంధ్రం పడింది. ఫిబ్రవరి 1న తిరిగివస్తూ నౌక ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ మరణించారు.

వేడిలోనూ చిక్కున్నది. కర్బనపు పోగులు గాలిలో సుమారు 500 డిగ్రీల సెల్సియస్‌కే కాలసాగుతాయి. సిలికా పొర చురుకుగా పెరగడానికి 1000 డిగ్రీలు దాటాలి. ఈ నడిమి వేడి కోసమే బోరాన్ కలుపుతారు. దాని ఆక్సైడు 450 డిగ్రీల వద్ద కరిగి పగుళ్ళలోకి పారుతుంది. కాని 1000 దాటితే ఆవిరై పోసాగుతుంది, నీటియావిరి ఉంటే ఇంకా త్వరగా.

తిరుచానూరున్న జిల్లాలోనే 2022 నుంచి శ్రీహరికోట కూడా ఉంది. అక్కడినుంచి ఎగిరే పి.ఎస్.ఎల్.వి. నాలుగవ అంచె కోసం, కొలంబియం మిశ్రలోహపు నాజిల్‌కు బదులుగా, విక్రం సారాభాయి కేంద్రం కర్బన మిశ్రమపు నాజిల్ తయారుచేసి సిలికాన్ కార్బైడు పూత వేసింది. బరువు 67 శాతం తగ్గి, రాకెట్టు మరో 15 కిలోలు మోయగలదని అంచనా. మెచ్చదగిన పనే. 2024 ఏప్రిల్ 2న మహేంద్రగిరిలో 200 సెకండ్లు మండించగా వేడి 1216 కెల్విన్లకు, అనగా 943 డిగ్రీలకు చేరింది. ఇస్రో దీనిని ఆక్సీకరణ నిరోధక పూత అన్నది. అది సరైన మాట. పూత ఓర్చుకొన్నదనడానికి ఆ పరీక్ష చాలు. మానిందనాలంటే ముందుగా దానిని పగులగొట్టి, పగులు వెడల్పు కొలిచి, మళ్ళీ కాల్చి చూడాలి.