బావమరిది చేతి తాడు

నల్లమలలో తేనెపట్టు కోసం చెంచు మనిషి కొండ అంచు నుంచి తాడు మీద కిందికి దిగుతాడు. పైన ఆ తాడు పట్టేది భార్య అన్నో తమ్ముడో. సొంత అన్నదమ్ముల చేతికి ఇవ్వరని చెబుతారు. అక్కాచెల్లెళ్ల పసుపుకుంకుమలు కోరుకునేవాడే తాడు వదలడట.

సర్వే కాగితంలో దీనికి గడి ఉండదు. తేనె ఎన్ని కిలోలు, రాబడి ఎంత? అంతే. అచ్చంపేట దాటి, మన్ననూరు మీదుగా పెంటలకు, అంటే చెంచు గూడేలకు, పోయే పరిశోధక విద్యార్థులు ఆ గడులు నింపుకుని సాయంత్రం బస్సుకు తిరిగొస్తారు. ఆ లెక్కలూ అవసరమే. కాకపోతే మనిషి గురించి తెలుసుకోవడమంటే ఏమిటో ఆ కాగితం ముందే తేల్చేసి ఉంటుంది.

ఇదే అడవికి 1940లో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ వచ్చాడు. వియన్నాలో చదివి, లండన్‌లో మానవశాస్త్ర గురువు మలినోవ్‌స్కీ సెమినార్లలో కూర్చున్నవాడు. యుద్ధంలో శత్రుదేశస్థుడి కింద జమకట్టి హైదరాబాద్ రాజ్యం దాటనివ్వకపోతే, భార్య బెట్టీతో అమ్రాబాద్ పీఠభూమి ఎక్కాడు. 1943లో వచ్చిన ఆయన పుస్తకం లేకుండా చెంచుల గురించి ఇవాళ్టికీ ఎవరూ రాయలేరు. ఓపికగా దగ్గరుండి చూస్తే ఉన్నది ఉన్నట్టు కనబడుతుందని ఆ తరం నమ్మకం. నిజాం సర్కారు అండతో వచ్చిన తెల్లదొర ముందు పెంట జనం ఏం చెప్పారు, ఏం దాచుకున్నారు అన్నది అప్పటి శాస్త్రానికి పెద్దగా పట్టలేదు.

ఆ నమ్మకాన్ని కుదిపినవాటిలో మలినోవ్‌స్కీ సొంత డైరీ ఒకటి. ఆయన పోయాక, 1967లో అచ్చయింది. తాను సానుభూతితో రాసిన జనం మీదే ఎంత విసుక్కున్నాడో అందులో ఉంది. 1973లో మరో మానవశాస్త్రవేత్త గీర్ట్జ్, మనం రాసేది వాళ్ల అర్థాలకు మనం చెప్పుకునే అర్థమేనన్నాడు. 1999లో మావోరీ పండితురాలు లిండా తుహివై స్మిత్ ఇంకా ముందుకెళ్లి, ఆ అర్థం చెప్పే హక్కు మీకెవరిచ్చారని నిలదీసింది.

ఇప్పుడు థీసిసుల్లో ‘నా సామాజిక స్థానం’ అని ఓ పేరా కనిపిస్తుంది. కులం, వర్గం ఒప్పేసుకుని, పక్క పేజీలో మళ్లీ పాత ప్రశ్నావళే. నాకా పేరా మీద గురి లేదు. హైమెన్‌డార్ఫ్ అలాంటివి రాయలేదుగానీ, డెబ్బైల చివర్లో మళ్లీ వచ్చి, తను చూసిన ఆదివాసులు ఏమయ్యారో వెతుక్కుని 1982లో ఇంకో పుస్తకం రాశాడు. (డిగ్రీ చేతికొచ్చాక మనలో ఎందరు పోతారు?)

ప్రశ్నలు అడగడం పరిశోధకుల సొత్తేం కాదు: 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు అడవిలో ప్రశ్నలు అడిగింది చెంచులే. ఇవాళ పెంటల్లో చదువుకున్న పిల్లలున్నారు. పరిశోధన ప్రతిపాదన రాసే రోజునే వాళ్లను పిలిచి, కాగితం చేతికిచ్చి చూడండి. సగం ప్రశ్నలు కొట్టేస్తారని నా అంచనా.