మేకులు మనవి

సిలువా! శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా నీ ముందు కూర్చుంటాం. తెల్లబట్టలు, ఉపవాసంతో ఎండిన పెదాలు, నీ మీద యేసు పలికిన ఏడు మాటల ధ్యానం. ఒక్కో మాట పూర్తయ్యేకొద్దీ కిటికీలోంచి పడే ఎండ కాస్త కాస్తగా జరుగుతుంటుంది. ఏటా ఆ వేళకు ఒకే ప్రశ్న నా గొంతుకు అడ్డం పడుతుంది. నిన్ను నిలబెట్టింది ఎవరు? పైనున్న తండ్రి సంకల్పమా, కిందనున్న రోమా అధికారమా? రాసిపెట్టి ఉండి జరిగిందా, జరిగాక మనం రాసుకున్నామా?

గుడి శిఖరం ఎక్కకముందు నువ్వేమిటో నాకు తెలుసు. బానిసలకూ తిరగబడ్డవాళ్లకూ రోమా దాచి ఉంచిన శిక్షవి నువ్వు. బానిసల తిరుగుబాటు నడిపిన స్పార్టకస్ ఓడిపోయాక, క్రీ.పూ. 71లో, కాపువా నుంచి రోము దాకా దారి పొడుగునా 6,000 మందిని మోశావు. రాజు హేరోదు చనిపోయిన క్రీ.పూ. 4లో యూదయ భగ్గుమంటే, సిరియా నుంచి సేనతో దిగిన రోమా అధిపతి వారస్ దాదాపు 2,000 మందిని నీకు అప్పగించాడని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. మత్తయి చెప్పిన లెక్కన అప్పటికి యేసు పసివాడు. ఆ పిల్లవాడు నడక నేర్చేనాటికే గలిలయ తల్లులకు నీ పేరు తెలుసు.

1968లో యెరూషలేములో ఒక పాత సమాధి బయటపడింది. ఎముకలు దాచిన రాతిపెట్టె మీద యెహోహానాన్ అనే పేరు. మడమ ఎముకలో మేకు. కొన వంకరపోయి ఉంది. ఆ మేకును మట్టి రెండు వేల ఏళ్లు దాచింది. ఆ మనిషి కోసం మాత్రం ఎవరూ పాట కట్టలేదు.

ఇక యేసును సిలువ వేసిన వారం సంగతి. పస్కా అంటే ఐగుప్తు దాస్యం నుంచి విడుదలైన పండుగ. పరాయివాడి ఏలుబడిలో విడుదల పండుగ చేసుకుంటుంటే ఏలేవాడికి నిద్రెలా పడుతుంది? సముద్రపుటొడ్డున కైసరయలో ఉండే రోమా అధిపతి పిలాతు ఆ రోజుల్లో యెరూషలేములోనే ఉన్నాడు. గాడిదపిల్ల మీద వచ్చిన గలిలయవాడికి జనం కొమ్మలు పరిచారు. ఆయన దేవాలయంలో రూకలు మార్చేవాళ్ల బల్లలు పడదోశాడు. రాజు అన్న మాట గాలిలో తిరిగింది. నీ మీద కొట్టిన పలక చూస్తే నేరమేమిటో తెలిసిపోతుంది: యూదుల రాజు. అది రాజద్రోహానికి రోమా రాసిన తీర్పు. ఆ తీర్పు చెప్పినవాడు కట్టుకథలో మనిషి కాడు. 1961లో కైసరయలో దొరికిన రాతిపలక మీద అతని పేరు చెక్కి ఉంది.

ఇక్కడితో ఆగితే లెక్క సరిపోయినట్టే ఉంటుంది. నా మనసే సరిపెట్టుకోదు.

ఆయన్ను పట్టుకున్న రాత్రికి, గెత్సేమనే తోటకు వెళ్తాను. ఆ పేరుకు నూనె గానుగ అని అర్థం. పస్కా అంటే పున్నమి. ఒలీవల కొండ మీద నుంచి చూస్తే కెద్రోను లోయ దాటి వచ్చే దివిటీలు ముందే కనిపించి ఉంటాయి. కొండ అవతలి వాలున బేతనియ, ఆ పైన యూదయ అరణ్యం. లేచి నడిస్తే తెల్లవారేసరికి ఎవరికీ దొరకడు. ఆయన చెమటోడ్చి, ఆ గిన్నె తప్పించమని తండ్రిని బతిమాలి, చివరకు కదలకుండా నిలబడ్డాడు. పిలాతు ఎందుకు చంపాడో చరిత్ర చెబుతుంది. ఆయన ఎందుకు పారిపోలేదో ఏ రాతిపలకా చెప్పదు.

నీ తొలి సాక్షులు ఆ సంకల్పాన్నీ ఈ అధికారాన్నీ విడదీయలేదు సిలువా. జనమంతా నశించే కంటే ఒక్కడు పోవడం మేలని ప్రధాన యాజకుడు కయప లెక్కగట్టాడు. రోమా వచ్చి యెరూషలేము గుడిని కూల్చేస్తుందన్న భయం అతనిది. ఆ భయం ఉత్తదీ కాదు, క్రీ.శ. 70లో గుడి కూలనే కూలింది. ఆ లెక్కలోనే సువార్త రాసిన యోహానుకు ప్రవచనం వినిపించింది. పెంతెకొస్తు రోజున పేతురు దేవుడి సంకల్పాన్నీ దుర్మార్గుల చేతులనూ ఒకే ఊపిరిలో చెప్పాడు. ఈనాటికీ విశ్వాస ప్రమాణంలో మరియమ్మ పేరు పలికిన నోటితోనే పిలాతు పేరూ పలుకుతాం. ఒక రోమా ఉద్యోగిని ఇన్ని శతాబ్దాలు ప్రార్థనలో మోస్తున్నామంటే, విశ్వాసం చరిత్ర చెయ్యి వదల్లేదన్నమాట.

అంతా దైవ నిర్ణయమే అనేస్తే పిలాతుకు మనమే మళ్లీ నీళ్లు పోసి చేతులు కడిగినట్టు. అలా అతన్ని వదిలేసి, కొందరి నేరాన్ని ఒక జాతి నెత్తిన రుద్దితే ఏమవుతుందో యూదులు శతాబ్దాలపాటు నెత్తురుతో అనుభవించారు. ఆ నింద తప్పని రెండో వాటికన్ సభ 1965లో గాని రాయలేదు.

మరి ఆ సంకల్పం ఏమిటి? చావునే కోరిన తండ్రిని నేను నమ్మలేను. చంపబడేవాళ్ల వరుసలోకి వచ్చి నిలబడాలని కోరినవాడిని నమ్ముతాను. ఊరి ద్వారం బయట, కుడి ఎడమల ఇద్దరు దొంగల నడుమ. వ్యాఖ్యానాలు చదవనివాళ్లకు ఇది ముందే తెలిసింది. పెద్దకరువు వెన్నంటే, 1878లో, ఒంగోలు సీమలో గుండ్లకమ్మ నీళ్లలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఎక్కువమంది మాదిగలు. ఊరి బయట చంపబడ్డ దేవుడంటే ఎవరో ఊరి బయట బతికేవాళ్లకు ఒకరు విప్పి చెప్పాలా!

మేకులు మనవి సిలువా. సుత్తి మనది, తీర్పు మనది, భయం మనది. ఆ మేకుల మీద నుంచి వచ్చిన మొదటి మాట క్షమాపణ. అది మాత్రం ఆయనది. దాన్ని ఏ సామ్రాజ్యమూ పుట్టించలేదు.

మూడు గంటలవుతోంది. అందరూ తలలు వంచారు. నేనూ వంచి, ఆయన పేరు తలుచుకుని, ఆ వెంటనే మెల్లగా ఇంకో పేరు అంటాను: యెహోహానాన్.