రోజూ మోసే తుపాకీ: రివ్యూల్లో లేని వరస

పోయిన సంక్రాంతికి కాలేజీలో నాకు రెండేళ్ళు సీనియరైన అన్న ఒకాయన మా ఇంటికి భోజనానికి వచ్చాడు. మా ఏడేళ్ళ పాప పరుగున వెళ్ళి ఆయన నడుము చుట్టూ చేతులు వేసింది. వెంటనే చేతులు తీసేసి, "పెదనాన్నా, ఇదేంటి ఇంత గట్టిగా ఉంది?" అని అడిగింది. ఆయన చొక్కా సర్దుకుంటూ "ఫోన్ తల్లీ" అన్నాడు. ఆయన ఫోన్ అప్పటికే మా డైనింగ్ టేబుల్ మీద ఉంది.

భోజనాలయ్యాక గరాజ్‌లోకి తీసుకెళ్ళి చూపించాడు. సిగ్ సావర్ పీ365. మేముండేది టెక్సస్‌లో. 2021 సెప్టెంబర్ 1 నుంచి ఇక్కడ 21 ఏళ్ళు నిండి, చట్టపరంగా వేరే అడ్డేమీ లేనివాళ్ళు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకుని తిరగొచ్చు. హెచ్‌1బీ మీద ఉన్నన్నాళ్ళూ ఫెడరల్ చట్టం మనవాళ్ళని తుపాకీ ముట్టనివ్వదు, వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప. గ్రీన్‌కార్డు వస్తే ఆ అడ్డు పోతుంది. మా ఇద్దరికీ వచ్చింది. "నువ్వూ ఒకటి తీసుకోరా. తొందరేం లేదు, ముందు రివ్యూలు చదువుకో" అని నాలుగు లింకులు పంపాడు.

నాలుగుతో మొదలై నలభై దాకా చదివాను. ఈ వ్యాసం వాటి గురించే. కథల మీదా నవలల మీదా రాయాల్సిన చోట ఇదేం గొడవ అనుకోకండి. నా తరం ఇంజినీర్లు అన్నిటికంటే ఎక్కువగా చదివే సాహిత్యం రివ్యూలే. కుక్కర్ నుంచి కారు దాకా వాటిని చదివే కొంటాం. అంతగా చదివేదాన్ని ఒకసారైనా విమర్శకుడి కళ్ళతో చూడొద్దా?

ఈ రచనలకి 'ఎవ్రీడే క్యారీ' అని ఒక పేరుంది. రోజూ జేబుల్లో వేసుకెళ్ళే సామాను అని అర్థం. చెక్కబల్ల మీద చిన్న కత్తి, టార్చ్, గడియారం, పెన్ను, తాళాల గుత్తి, వాటి మధ్య పిస్టల్ పేర్చి పైనుంచి తీసిన ఫొటో తప్పనిసరి. ఆ ఫొటోనే ఒక వాదన. తాళాల గుత్తి ఎంత మామూలో తుపాకీ కూడా అంతే మామూలు అని అది మాట్లాడకుండానే చెబుతుంది.

రాతలో మాత్రం నిజాయితీ ఉంది, ఒప్పుకోవాలి. మంచి రివ్యూయర్ వందల గుళ్ళు కాల్చిగానీ నోరు విప్పడు. ఎక్కడ ఇరుక్కుందో, చెయ్యి ఎక్కడ ఒరుసుకుపోయిందో చెబుతాడు. మన పుస్తక సమీక్షల్లో ఆ పాటి ఓపిక కనిపిస్తే ఎంత బావుండునో అనిపించింది.

ఎక్కువగా పోల్చి చూసేవి మూడు రకాలు. మొదటిది స్మిత్ అండ్ వెసన్ వారి జె-ఫ్రేమ్ రివాల్వర్. 1950లో మొదలైన కుటుంబం ఇది. అందులో 642 మోడల్ బరువు 400 గ్రాముల పైచిలుకు, పట్టేవి ఐదు గుళ్ళు. సుత్తి లోపలే దాగి ఉంటుంది కాబట్టి జేబులోంచి తీసేటప్పుడు బట్టకి తట్టుకోదు. ట్రిగ్గర్ నొక్కడానికి ఐదు కిలోలకి పైగా బలం కావాలి. రెండోది 1988లో వచ్చిన గ్లాక్ 19. తొమ్మిది మిల్లీమీటర్ల గుళ్ళు 15 పడతాయి. నింపితే 850 గ్రాముల దాకా తూగుతుంది. ట్రిగ్గర్‌కి రెండున్నర కిలోల బలం చాలు. బయట వేలితో తిప్పే సేఫ్టీ మీట ఉండదు, రక్షణ ఏర్పాట్లన్నీ లోపలే. మూడోది 2018లో వచ్చిన పీ365. అంతకుముందు ఆ సైజు పిస్టళ్ళలో ఆరో ఏడో గుళ్ళు పట్టేవి. 2015 నాటి గ్లాక్ 43లో ఆరే. పీ365 వాళ్ళు గుళ్ళని కింద రెండు వరసలుగా, ఎగుడుదిగుడుగా పేర్చి, పైకి వచ్చేసరికి ఒకే వరసలోకి తెచ్చారు. అర కిలో తుపాకీలో పది పట్టాయి. ఇంజినీరుగా ఆ మ్యాగజైన్ బొమ్మ చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. అందంగా పరిష్కరించిన లెక్క అది. దాని పేరులోని 365 ఏడాదిలోని రోజులే.

మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి తేలింది. అవి మూడు తుపాకులే కాదు, మూడు కథలు కూడా. ఐదు గుళ్ళ రివాల్వర్ వెనకున్న కథలో ఒక్కడే దుండగుడు, చేయి చాచినంత దూరంలో ఉంటాడు. 'మూడు గజాలు, మూడు సెకన్లు, మూడు గుళ్ళు' అని ఆ లోకంలో ఒక నానుడి ఉంది. పదిహేను గుళ్ళ పిస్టల్ కథలో ఇద్దరో ముగ్గురో వస్తారు. పీ365ది కథ కూడా కాదు, సర్దుబాటు. ఎప్పుడైనా ఏదైనా జరగొచ్చు కాబట్టి బరువు తెలియకుండా మోస్తూ ఉండు అంటుంది. ప్రతి రివ్యూలోనూ ఎక్కడో ఒకచోట చీకటి పార్కింగ్ లాట్ వస్తుంది. అందులో దుండగుడికి ముఖం ఉండదు, పేరుండదు. కథ ట్రిగ్గర్ దగ్గరే ఆగిపోతుంది. కాల్చాక ఏమవుతుంది? పోలీసులు, కోర్టు, లాయరు ఖర్చు, ఆ తర్వాతి నిద్ర: ఇవేవీ పోలిక పట్టికలోకి రావు.

ఇక తగిలించుకునే సామాను. నా దృష్టిలో ఈ రచనల్లో నిజం ఎక్కువగా దొరికేది ఇక్కడే. తుపాకీ గురించి రాసేటప్పుడు హీరోలా మాట్లాడేవాళ్ళు హోల్‌స్టర్ దగ్గరకొచ్చేసరికి మామూలు మనుషులైపోతారు. ట్రిగ్గర్ మీద పూర్తి కప్పు ఉండాలంటారు. మెత్తబడిన తోలు మడత పడి ట్రిగ్గర్‌కి తగలొచ్చు, అందుకని కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ మేలంటారు. బొడ్డుకి పక్కగా దోపుకుంటే త్వరగా చేతికొస్తుంది, కానీ కూర్చున్నప్పుడు గొట్టం తొడ వైపు చూస్తుంటుంది. అందుకే తిరిగి పెట్టేటప్పుడు తొందరపడొద్దు, కళ్ళతో చూస్తూ పెట్టమంటారు. గట్టి బెల్టు లేకపోతే ప్యాంటు జారుతుంది. గురికి సాయపడే ఎర్ర చుక్క అద్దం, గొట్టం కింద చిన్న లైటు తగిలిస్తే ఆ లైటుతో సహా పట్టే హోల్‌స్టర్ మళ్ళీ కొనాలి. ఈ జాగ్రత్తలన్నీ దుండగుడి నుంచి కావు. మోసేవాణ్ణి తన తుపాకీ నుంచి కాపాడేవి. పైకి ఒప్పుకోని భయం ఈ పేరాల్లో బయటపడుతుంది.

చిన్న తుపాకీకి పాత చరిత్రే ఉంది. ఫిలడెల్ఫియాలో హెన్రీ డెరింజర్ చేసిన జేబు పిస్టళ్ళని ఎంతమంది కాపీ కొట్టారంటే, ఆయన ఇంటిపేరే ఒక అక్షరం అదనంగా కలిసి ఆ జాతి తుపాకులన్నిటికీ పేరైపోయింది. 1865 ఏప్రిల్ 14న లింకన్‌ని కాల్చిన తుపాకీ అలాంటిదే, ఒకే గుండు పట్టేది. జేబులో దాగేది దాడికీ ఆత్మరక్షణకీ ఒకేలా పనికొస్తుంది. రివ్యూలు రెండోదాన్నే చెబుతాయి.

మన దేశంలోనూ ఇలాంటి కథనం ఒకటి నడిచింది. 2014లో కాన్పూర్ ప్రభుత్వ కర్మాగారం ఆడవాళ్ళ కోసమని 'నిర్భీక్' అనే .32 రివాల్వర్ తెచ్చింది. బరువు అర కిలో, ధర లక్షా ఇరవై వేల పైమాటే. ఢిల్లీ ఘటన తర్వాత దేశమంతా పలికిన పేరుకి దగ్గరగా ఆ పేరు పెట్టారు. లైసెన్సు తెచ్చుకుని అంత డబ్బు పెట్టగలిగేవాళ్ళెవరు, రాత్రిపూట బస్సు కోసం నిలబడేవాళ్ళెవరు అన్న ప్రశ్న ఆ పేరులో లేదు.

అన్న భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతలో మనలాంటి తెలుగు ఇంజినీరు ఒకరు పని అయ్యాక స్నేహితుడితో బార్‌లో కూర్చుని ఉండగా కాల్చి చంపారు. ఆపబోయిన స్థానికుడికీ గుళ్ళు తగిలాయి. "ఆ రోజు నుంచి రెస్టారెంట్‌లో గోడకి వీపు పెట్టి కూర్చుంటున్నారా" అని అన్న చెప్పినప్పుడు నా దగ్గర జవాబు లేదు. నేనూ అలాగే కూర్చుంటున్నాను. ఈ భయానికి ముఖం ఉంది, తారీఖు ఉంది. రివ్యూల్లోని చీకటి పార్కింగ్ లాట్ కథ కంటే ఇది చాలా నిజం.

అందుకే నేనే ఒక స్ప్రెడ్‌షీట్ చేశాను, ఉద్యోగ ధర్మం. బరువు, గుళ్ళు, ట్రిగ్గర్, ధర వరసలన్నీ రివ్యూల నుంచి తీసుకున్నాను. కింద మూడు వరసలు నేను చేర్చాను. ఒకటి, తుపాకీ లోపలికి రానివ్వని చోటికి వెళ్ళినప్పుడు దాన్ని ఎక్కడ వదలాలి? కారులోనే. దొంగలు తుపాకులు ఎత్తుకుపోయే చోట్లలో కారు ముఖ్యమైనది. రెండు, పరుగున వచ్చి నడుము పట్టుకునే పాప. 2020 నుంచి అమెరికాలో పిల్లలు, టీనేజర్ల మరణాలకి మొదటి కారణం తుపాకులే.

మూడో వరస రాయడానికి టైమ్ పట్టింది. 2021లో ఈ దేశంలో తుపాకుల వల్ల 48,830 మంది పోతే, అందులో 26,328 మంది తమని తాము కాల్చుకున్నవాళ్ళు. సగానికి పైగా అన్నమాట. ముఖం లేని దుండగుడి స్థానంలో అద్దం పెట్టాల్సిన అంకె ఇది. రెండేళ్ళ క్రితం నా ఉద్యోగం పోయింది. నాలుగు నెలలు ఇంట్లో ఉన్నాను. రాత్రి మూడింటికి గరాజ్‌లో లైటు వేసుకోకుండా కూర్చున్న రోజులున్నాయి. మా ఆవిడకి కూడా ఈ మధ్యే చెప్పాను. ఆ రాత్రుల్లో ఏం జరిగి ఉండేదో ఊహించి కథ అల్లను. అప్పుడు ఇంట్లో తుపాకీ లేదు, అంతే చెప్పగలను. ఆ వరసలో మూడు మోడళ్ళకీ ఒకే మార్కు పడింది. నేను చదివిన నలభై రివ్యూల్లో ఒక్కదాంట్లోనూ ఆ వరస లేదు. పది గుళ్ళా పదిహేనా అని పేజీలకి పేజీలు రాసినవాళ్ళు, దీనికి ఒక్కటి చాలన్న సంగతి రాయలేదు.

విమర్శగా నా ఆరోపణ ఇంతే. ఈ రచనలు అబద్ధాలు చెప్పవు. ఏది పోల్చాలో ముందే తేల్చేసి, ఆ మేరకు నిజాలు చెబుతాయి.

మొన్న మా ఆవిడ "ఇంతకీ ఏది కొంటున్నావ్?" అంది. ఏదీ కొనడం లేదన్నాను. "మరి ఇన్ని రాత్రులు ఎందుకు చదివినట్టు?" అని నవ్వింది. స్ప్రెడ్‌షీట్ అన్నకి పంపాను, మూడో వరస తియ్యకుండా. రెండు రోజులు జవాబు లేదు. ఆదివారం ఇంటికొచ్చాడు. గుమ్మంలో పాప ఎదురెళితే ముందు వంగి తనే ఎత్తుకున్నాడు. తర్వాత నాతో మెల్లగా "ఇంట్లో లాక్‌బాక్స్‌లో పెట్టొచ్చాన్రా" అన్నాడు. ఆ నాలుగు నెలల గురించి అప్పుడు అడిగాడు. ఇద్దరం గరాజ్‌లో లైటు వేసుకుని కూర్చున్నాం.